మెత్తటి కవరు అడిగిన టీచరమ్మ: ఒక సైకిల్ సీటు కేసు

జూన్ నెల, బడులు తెరిచిన రెండో వారం. సాయంత్రం ఆరు దాటాక ఒకామె హైబ్రిడ్ సైకిల్, అంటే కొంచెం ముందుకు వంగి తొక్కే రకం, నడిపించుకుంటూ మా దుకాణానికి వచ్చారు. టైర్లలో గాలి ఉంది, చైన్ బాగుంది, బ్రేకులు పట్టుకుంటున్నాయి. అయినా ఎక్కి రాలేదు. "సీటు మీదికి ఇంకా మెత్తటి కవరు ఏమన్న ఉంటే ఇయ్యమ్మా" అన్నారు. సీటు మీద అప్పటికే ఒక జెల్ కవరు ఉంది, రెండు వేళ్ల మందం. దాని మీదికి ఇంకోటి కావాలట.

మాది హన్మకొండలో సైకిల్ దుకాణం. నాన్న పెట్టింది. రిపేర్లు నాన్న, ఇద్దరు పిల్లలు చూసుకుంటారు. మనిషి కొలతలను బట్టి సైకిల్‌ను సర్దే ఫిట్టింగ్ పని నాది. ఎవరికి ఏం మార్చానో, ఎంత మార్చానో నోటు బుక్కులో రాసి పెట్టుకుంటాను. ఈ కేసు నా బుక్కులో పదకొండు పేజీలు తిన్నది. పేరు రాయకపోతే రాసుకో అని ఆమె ఒప్పుకున్నారు కాబట్టి టీచరమ్మ అనే అంటాను. నేను చేసిన రెండు తప్పులు కూడా ఇందులో ఉన్నాయి. వాటివల్లే ఒక నెల దండగ అయింది.

వయసు 43. ఎత్తు 157 సెంటీమీటర్లు. హసన్‌పర్తి దాటాక ఉన్న ఒక హైస్కూల్లో లెక్కల టీచర్. సైకిల్ తమ్ముడిది. అతను ఉద్యోగానికి వేరే ఊరు వెళ్తూ ఇచ్చిపోయాడు. మీడియం సైజు, మగవాళ్ల ఫ్రేము. కరీంనగర్ రోడ్డు మీద బడికి పోను తొమ్మిది కిలోమీటర్లు, రాను తొమ్మిది. ఆదివారాలు ఒక గుంపుతో ధర్మసాగర్ చెరువు దాకా. బడులు తెరవక ముందు వేసవి సెలవుల్లో రెండు నెలలు తొక్కారు. ఇప్పుడు మానేద్దామా అన్న దాకా వచ్చింది. ఎందుకని అడిగితే "నడుము నొప్పి" అన్నారు.

నడుము నొప్పికి సీటు కవరు ఎవరూ అడగరు. సీటు గురించి చెప్పాల్సి వస్తే ఆడవాళ్లు మొదట చెప్పేది నడుము, తర్వాత తొడలు. అసలు మాట మూడోసారి వచ్చినప్పుడు గానీ బయటపడదు. ఆ టైమ్‌కి దుకాణంలో నాన్న, పంక్చర్ అతికిస్తున్న ఇద్దరు పిల్లలు, గాలి కొట్టించుకోవడానికి వచ్చిన ఒకాయన ఉన్నారు. నాన్నకు ఇలాంటివి చెప్పనక్కర్లేదు. "నేను చాయ్ తాగొస్త బిడ్డా" అని పిల్లలిద్దరినీ వెంటేసుకుని వెళ్లిపోయాడు. గాలి కొట్టించుకున్నాయన కూడా కదిలాడు.

అప్పుడు నేను ఒక కాగితం మీద సీటు బొమ్మ గీసి, పెన్ను ఆమె చేతికిచ్చాను. ఇది నేను చాలా రోజులుగా చేస్తున్న పని. నోటితో చెప్పడానికి ఇబ్బంది పడేవాళ్లు గుర్తు పెట్టడానికి ఇబ్బంది పడరు. "మేడం, ఎక్కడ ఒత్తుతుందో అక్కడ గుర్తు పెట్టండి" అన్నాను. సీటు వెనక వెడల్పు భాగంలో గుర్తే పెట్టలేదు. ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు దగ్గర, ముక్కు మొదలయ్యే చోట రెండు ఇంటూలు పెట్టి, ఒకటి సరిపోదన్నట్టు వాటి చుట్టూ సున్నా చుట్టారు.

ఆ తర్వాత మాట తేలిగ్గానే వచ్చింది. ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు తొక్కేసరికి ముందు భాగమంతా తిమ్మిరి. దిగి నిలబడితే సూదులతో పొడిచినట్టు. గజ్జల్లో ఒరుసుకుపోయి ఎర్రబారింది. రెండు వారాల నుంచి మూత్రానికి వెళ్తే మంట.

మంట అనగానే నేను పెన్ను కింద పెట్టాను. అది సీటు వల్లే అని నేను అనుకోవచ్చు, ఆమె అనుకోవచ్చు. కానీ మూత్రంలో మంటకు మందు సైకిల్ దుకాణంలో ఉండదు. ముందు లేడీ డాక్టరుకు చూపించుకుని రండి, అంతదాకా సైకిల్ ఎక్కకండి అన్నాను. ఇన్‌ఫెక్షన్ ఉందని తేలింది, మందులు వాడారు. పది రోజుల తర్వాత వచ్చేసరికి మంట పోయింది. తర్వాత ఒకరోజు సైకిల్ ఎక్కి చూశారు. తిమ్మిరి మాత్రం అలాగే ఉంది. సీటు మీద వేయాల్సిన నేరం ఏదో, వేయకూడనిది ఏదో అలా తేలింది.

కవరు కింద సీటు

జెల్ కవరు తాడు విప్పి తీశాను. కింద సైకిల్‌తో వచ్చిన సన్నటి రెక్సిన్ సీటు. దాని ముక్కు దగ్గర రెక్సిన్ నున్నగా అరిగి మెరుస్తోంది. వెనక భాగం మాత్రం కొన్నరోజు ఎలా ఉందో అలాగే ఉంది, కుట్లలో దుమ్ము కూడా కదల్లేదు. తమ్ముడు పెద్దగా తొక్కలేదట, ఈ అరుగుదల ఈమెదే. పాత సీటు చూస్తే మనిషి ఎక్కడ కూర్చుంటున్నారో తెలిసిపోతుంది. చెప్పుల అరుగుదల చూసి నడక చెప్పినట్టే. నేను ఆ మెరుపు చూశాను, నోటు బుక్కులో రాశాను కూడా. దాని అర్థమేంటో మాత్రం ఆలోచించలేదు. అదే నా మొదటి తప్పు.

ముందు మెత్తదనం సంగతి. పూరీ పిండి ముద్దలో రెండు బొటనవేళ్లు పక్కపక్కన దించండి. వేళ్ల కింద పిండి దిగుతుంది, మధ్యలో పైకి లేస్తుంది. జెల్ కవరు మీద కూర్చున్నా జరిగేది అదే. మన ఒంట్లో కూర్చోవడానికి ఉన్నవి కటి ఎముక అడుగున ఉండే రెండు బుడిపెలు. పీట మీద కూర్చుని అటూ ఇటూ కదిలితే తగిలే గట్టి ముడులవే. బరువు మోయాల్సింది అవి. జెల్‌లో అవి కూరుకుపోతే, మధ్యలోని జెల్ పైకి లేచి ఏ భాగం మీద బరువు పడకూడదో అక్కడే ఒత్తుతుంది. దుకాణంలో బొటనవేలితో నొక్కి చూసినప్పుడు, రెండు నిమిషాలు కూర్చున్నప్పుడు హాయిగానే ఉంటుంది. అరగంటకు అసలు రంగు బయటపడుతుంది. పైగా ఆ కవరు మందం వల్ల సీటు ఒకటిన్నర సెంటీమీటర్లు ఎత్తయింది. పెడల్ అందుకోవడానికి ఆమె నడుము అటొకసారి ఇటొకసారి ఊగుతోంది. గజ్జల్లో ఒరుపుకి సగం కారణం అదే.

కవరు నేను అమ్మలేదు. ఉన్న కవరు కూడా తీసి చేతిలో పెట్టేసరికి ఆమె ముఖం మాడిపోయింది.

అట్ట, సుద్దముక్క

కూర్చునే ఎముకల మధ్య దూరం కొలవడానికి పెద్ద మెషీన్ అక్కర్లేదు. టీవీ పెట్టెలకు వాడే, లోపల గాలి సందులున్న అట్ట చాలు. గట్టి స్టూలు మీద అట్ట పెట్టి, పల్చటి బట్టలతో కూర్చోవాలి. పాదాల కింద ఇటుక పెట్టుకుంటే మోకాళ్లు కాస్త పైకి లేచి ఎముకలు బాగా దిగుతాయి. కొద్దిగా ముందుకు వంగి, అర నిమిషం కదలకుండా కూర్చుని లేస్తే అట్టలో రెండు గుంటలు పడతాయి. సుద్దముక్కను అడ్డంగా పట్టి పైన రుద్దితే గుంటలు పడినచోట సుద్ద అంటదు, ఆకారం తేటగా కనిపిస్తుంది. ఒక గుంట నడిమధ్య నుంచి రెండో గుంట నడిమధ్యకు కొలవాలి. గుంట ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో చూసి కొలిస్తే తప్పొస్తుంది.

టీచరమ్మ ఈ పని ఇంట్లో చేసుకొస్తానన్నారు. మర్నాడు మూడు అట్టలు తెచ్చారు. ప్రతి గుంటకూ అడ్డంగా, నిలువుగా గీతలు గీసి, అవి కలిసేచోట చుక్క పెట్టి, చుక్క నుంచి చుక్కకు స్కేలు పెట్టి కొలిచారు. 136, 139, 138 మిల్లీమీటర్లు. కింద సగటు కట్టి, ఎర్ర పెన్నుతో గీత కొట్టారు. నా దగ్గరికి ఇంత నీట్‌గా కొలత తెచ్చినవాళ్లు ఇంకొకరు లేరు.

ఇక్కడ ఒక మాట. ఆడవాళ్ల కటి ఎముక సగటున వెడల్పుగా ఉంటుంది, ముందు వైపు ఎముకల కమాను కూడా మగవాళ్లకన్నా విశాలంగా తెరుచుకుని ఉంటుంది. నిజమే. కానీ సగటు సంగతి సగటుదే. బయటికి కనిపించే లావుకు, లోపలి ఎముకల దూరానికి సంబంధం లేదు. భారీగా ఉండే మనిషికి 120 రావచ్చు, బక్కమనిషికి 145 రావచ్చు. కాబట్టి సీటు మీద 'లేడీస్' అని రాసి, గులాబీ రంగు కుట్లు వేసినంత మాత్రాన అది ఆడవాళ్లందరికీ సరిపోదు. ఈ సంగతిని పట్టించుకుని పనిచేసినవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. అమెరికాలో జార్జీనా టెర్రీ అనే మెకానికల్ ఇంజనీర్ 1985లో ఆడవాళ్ల కొలతలకు సైకిళ్లు చేసే కంపెనీ పెట్టింది, తర్వాత ఆ కంపెనీ సీట్లకే ఎక్కువ పేరొచ్చింది. ఇంగ్లండ్ బ్రూక్స్ వాళ్ల తోలు సీటు బి17లో కూడా పొట్టి ముక్కుతో 'ఎస్' అనే రకం ఉంది. మన మార్కెట్లోకి వచ్చేసరికి మిగిలేది ఎక్కువగా గులాబీ కుట్లే.

కొలతకు ఎంత కలపాలి అనేది కూర్చునే తీరును బట్టి ఉంటుంది. సీటు అంచులు కిందికి వంగి ఉంటాయి కాబట్టి, ఎముకలు అంచు మీద పడకుండా రెండు సెంటీమీటర్లు అటూ ఇటుగా కలుపుతాం. నిటారుగా కూర్చునేవాళ్లకు ఎక్కువ, బాగా వంగేవాళ్లకు తక్కువ. నేను 138కి 25 కలిపి, 165 వెడల్పున్న మంచి కుషన్ సీటు వేశాను. లెక్క కుదిరిందని సంబరపడ్డాను. ఆమె కూడా లెక్కల టీచరే కదా, ఇద్దరికీ నచ్చింది.

వారం తర్వాత ఆమె రాసుకొచ్చిన చీటీ నా బుక్కులో అంటించి ఉంది. "సోమవారం: కొత్త సీటు. బాగుంది అనిపిస్తోంది. మంగళవారం: 22 నిమిషాలకు తిమ్మిరి. బుధవారం: 20 నిమిషాలకు. తొడల లోపలివైపు మంట, ఇది కొత్త. గురువారం: వాన, ఆటోలో వెళ్లాను, హాయిగా ఉంది."

సరే, వెడల్పు ఎక్కువైందేమో అని మధ్యలో రంధ్రం ఉన్న 155 సీటు వేశాను. రెండు రోజులు బాగుంది. మూడో రోజు నుంచి ఆ రంధ్రం అంచులు కోసినట్టు ఒత్తుతున్నాయన్నారు. రంధ్రం ఉన్నచోట బరువు పడదు, నిజమే. కానీ ఆ బరువు మాయమవదు కదా, అంచుల మీదికి చేరుతుంది. సరైన చోట కూర్చోకపోతే రంధ్రం కూడా శత్రువే.

నాన్న అడిగిన మాట

రెండో సీటు కూడా విప్పి బల్ల మీద పడేసి కూర్చున్నాను. నాన్న పాత రెక్సిన్ సీటు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. మెరుస్తున్న ముక్కు మీద బొటనవేలు పెట్టి, "నువ్వు వెనకాల వెడల్పు కొలిచినవ్. టీచరమ్మ వెనకాల కూసుంటుందా బిడ్డా?" అన్నాడు.

మర్నాడు ఆమెను మా దుకాణం ముందు నుంచి రెండుసార్లు తొక్కమని పక్క నుంచి ఫోన్‌లో వీడియో తీశాను. చూస్తే అంతా అందులోనే ఉంది. మోచేతులు కర్రల్లా బిగుసుకుని ఉన్నాయి. హ్యాండిల్ అందడం లేదు. అందుకోవడానికి నడుము ముందుకు దొర్లుతోంది, మనిషి సీటు ముక్కు మీదికి జారుతోంది. ఐదారు తొక్కులకోసారి వెనక్కి జరుగుతారు, మళ్లీ జారుతారు. నేను వెనకాల ఎంత వెడల్పు సీటు వేస్తే ఏం లాభం, ఆమె అక్కడ కూర్చోవడమే లేదు. వెడల్పు సీటుకి ముక్కు మొదలు కూడా వెడల్పు కాబట్టి తొడలు కోసుకుపోయాయి, అంతే.

నాన్న కాలంలో అమ్మిన లేడీస్ సైకిళ్లకు ఈ గొడవ లేకపోవడానికి కారణం అదే. హ్యాండిల్ వంపు తిరిగి చేతి దగ్గరికే వస్తుంది, మనిషి కుర్చీలో కూర్చున్నట్టు నిటారుగా ఉంటుంది, బరువంతా వెనకాల ఎముకల మీద. అడుగున స్ప్రింగులున్న వెడల్పాటి సీటు. గుంతల్లో ఎగిరెగిరి పడతాం గానీ తిమ్మిరెక్కదు. అదే సీటు తెచ్చి వంగి తొక్కే సైకిల్‌కు బిగిస్తే నరకం చూపిస్తుంది.

అప్పుడు సీటు సంగతి పక్కన పెట్టి సైకిల్ సంగతి మొదలుపెట్టాను. వారానికి ఒక్క మార్పు. రెండు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. టీచరమ్మకు ఈ పద్ధతి బాగా నచ్చింది. పిల్లలతో సైన్స్ ప్రయోగం చేయించేది ఇట్లనే కదా అన్నారు.

మొదట ఎత్తు. గోడకు ఆనుకుని, తొడల మధ్య పుస్తకం బిగించి పట్టుకుని నిలబడితే నేల నుంచి పుస్తకం పైఅంచు దాకా 72 సెంటీమీటర్లు. దాన్ని 0.883తో గుణిస్తే 63.6 వస్తుంది. పెడల్ కడ్డీలు తిరిగే ఇరుసు నడిమధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు అది. మొదలుపెట్టడానికి మంచి లెక్క, వేదవాక్కు కాదు. ఆమె సీటు 66 దగ్గర ఉంది, జెల్ కవరుతో 67 దాటింది. తమ్ముడు పొడుగు. దించేసి, మడమ పెడల్ మీద పెట్టి వెనక్కి తొక్కమంటే కాలు కింద చేరినప్పుడు మోకాలు సరిగ్గా చాపుకుంది. నడుము ఊగడం ఆ రోజే ఆగింది. గజ్జల ఒరుపు వారంలో తగ్గింది.

రెండోది సీటు ముందు వెనకలు. ఎవరో అంతకుముందే హ్యాండిల్ అందడం లేదని సీటును దాని కింది పట్టాల మీద చివరంటా ముందుకు లాగి బిగించారు. ఊళ్లో అందరూ చేసే పనే ఇది. కానీ సీటు ముందుకు జరిపితే మనిషి బరువు చేతుల మీద, మోకాళ్ల మీద పడుతుంది. హ్యాండిల్ దూరాన్ని హ్యాండిల్ దగ్గరే సరిచేయాలి. పెడల్ కడ్డీ ముందుకు అడ్డంగా ఉన్నప్పుడు మోకాలి చిప్ప కింద నుంచి దారానికి నట్టు కట్టి వేలాడదీశాను. నట్టు పెడల్ ఇరుసు కన్నా నాలుగు వేళ్లు ముందుకు పడింది. సీటు వెనక్కి జరిపి ఇరుసు మీదికి తెచ్చాను. దాంతో హ్యాండిల్ ఇంకా దూరమైంది, ఆ వారం ఆమెకు కష్టంగానే గడిచింది. అది ముందే చెప్పి ఉంచాను.

మూడోది హ్యాండిల్. హ్యాండిల్‌ను పట్టుకునే మెడ, అదే స్టెమ్, ఆమె సైకిల్‌కు 100 మిల్లీమీటర్లది ఉంది. 60ది, పైకి వంగినది వేశాను. హ్యాండిల్ నాలుగు సెంటీమీటర్లు దగ్గరికి, రెండున్నర పైకి వచ్చింది. ఈ ఒక్క మార్పుకు చీటీలో ఇలా రాశారు: "హ్యాండిల్ మొదట వణికినట్టు అనిపించింది, చిన్నగా తిప్పినా తిరిగిపోతోంది. భీమారం దాటేసరికి అలవాటైంది. 35 నిమిషాలు. తిమ్మిరి లేదు. రెండుసార్లు రాస్తున్నాను, తిమ్మిరి లేదు." పొట్టి స్టెమ్ వేస్తే హ్యాండిల్ అలా చురుగ్గా తిరుగుతుంది, రెండు రోజుల్లో చేయి అలవాటు పడుతుంది.

ఇప్పుడు నా రెండో తప్పు. సీటు సమంగా ఉండాలి, ముక్కు పైకి లేవకూడదు. సీటు వంపులు తిరిగి ఉంటుంది కాబట్టి దాని మీద చెక్క స్కేలు పెట్టి, ఆ స్కేలు మీద మేస్త్రీలు వాడే రసమట్టం పెట్టి చూస్తాను. బుడగ నడుమ నిలబడింది. అయినా ఆమె "ముందు కొంచెం లేచినట్టే ఉంది చెల్లె" అంటూనే ఉన్నారు. రసమట్టం అబద్ధం చెప్పదు కదా అని నేను. ఒకరోజు నేల కడుగుతుంటే నీళ్లు గబగబా రోడ్డు వైపు పారాయి. మా దుకాణం నేల బయటికి వాలు. సైకిల్ ఎప్పుడూ ముఖం రోడ్డు వైపు పెట్టి నిలబెడతాం. అంటే ముందు చక్రం కిందికి ఉన్న సైకిల్ మీద నేను సీటును మట్టం చేస్తున్నాను. చదునైన రోడ్డెక్కగానే ముక్కు పైకి లేస్తోంది. ఎన్ని సైకిళ్లకు ఇలా చేశానో తలుచుకుంటే సిగ్గేసింది. ఇప్పుడు నేల మీద రెండు చక్రాలకు రెండు గుర్తులు గీసి, ముందు చక్రం గుర్తు మీద పలక ముక్క అతికించి పెట్టుకున్నాను. టీచరమ్మ సీటు ముక్కును మట్టానికి ఒక్క డిగ్రీ కిందికి దించాను. అంతకన్నా దించితే మళ్లీ ముందుకు జారి చేతులు నొప్పెడతాయి.

మూడో సీటు

ఇవన్నీ అయ్యాకే సీటు. మా దగ్గర ట్రయల్‌కు ఇచ్చే సీట్లు ఐదు ఉన్నాయి. ముందు విఫలమైన 155 రంధ్రం సీటే మళ్లీ వేసి చూశాను. ఈసారి కోయలేదు, కానీ 40 కిలోమీటర్లు దాటాక కొంచెం ఒత్తింది. తర్వాత అదే వెడల్పు, ముక్కు పొట్టిగా ఉండి, మధ్యలో రంధ్రానికి బదులు వెడల్పాటి గాడి ఉన్నది. స్పాంజి గట్టిగా ఉంటుంది. చేత్తో నొక్కి చూసి "ఇది చెక్కలెక్క ఉంది" అన్నారు. రెండు వారాలు వాడి చూడమన్నాను. మొదటి వారం కూర్చునే ఎముకల కింద నొప్పి అన్నారు.

ఈ తేడా మాత్రం ప్రతి ఒక్కరికీ చెప్తాను. కొత్త సీటుకి ఎముకల కింద నొప్పి వస్తే రెండు వారాలు ఓపిక పట్టొచ్చు, రోజు విడిచి రోజు తొక్కితే తగ్గుతుంది. తిమ్మిరికి మాత్రం ఒక్క రోజు కూడా ఓపిక పట్టకూడదు. అది అలవాటయ్యేది కాదు. నరాల మీద, రక్తం పారే చోట ఒత్తుతోందని ఒళ్లు చెప్తున్న మాట.

బట్టల సంగతి తేలడానికి ఇంకో సాయంత్రం, నాన్నకు ఇంకో చాయ్ పట్టింది. ఆమె లెగ్గింగ్ వేసుకుంటారు, లోపల కాటన్ లోదుస్తులు. దాని ఎలాస్టిక్ అంచు, లెగ్గింగ్ నడుమ కుట్టు, రెండూ ఒకేచోట కలిసి సరిగ్గా సీటు మీద పడతాయి. సైకిల్ షార్ట్స్‌లో కుట్టే ప్యాడ్ ఒంటికి నేరుగా తగలాలి, లోపల ఇంకేం వేసుకోకూడదు. ఇది చెప్పగానే "అయ్యో, ఎట్లమ్మా" అన్నారు. పైన వదులు ప్యాంటు, కుర్తా వేసుకుంటే ఎవరికి తెలుస్తుంది, బడికి వెళ్లగానే మార్చుకోండి అన్నాను. చెమట షార్ట్స్‌లోనే కూర్చుంటే మళ్లీ పుండ్లు, మళ్లీ ఇన్‌ఫెక్షన్. రెండు జతలు కొనుక్కుని, ఏ రోజుది ఆ రోజు ఉతికి ఎండలో ఆరేయాలి. దండెం మీద ఆ ప్యాడ్ చూసి వాళ్ల అత్తగారు ఇదేంటని అడిగారట, "మోకాలు నొప్పికి" అని చెప్పారట. గజ్జల్లో తొక్కేముందు కాస్త పెట్రోలియం జెల్లీ రాస్తే చాలు. నెలసరి రోజుల్లో శానిటరీ ప్యాడ్ అంచులు ఒరుసుకుంటే ఏం చేయాలన్నది ఎవరి వీలు వారిది. ఆమె ఆ మొదటి రెండు రోజులు బస్సెక్కుతానన్నారు, సైకిల్ ఎక్కి తీరాలన్న రూలేమీ లేదు కదా.

ఒక చిన్న విషయం మర్చిపోతున్నాను. టైర్లు. ఎవరు గాలి కొట్టినా రాయిలా కొట్టేవాళ్లు, గాలి ఒత్తిడి 80 పీఎస్‌ఐ. అరవై కిలోల మనిషికి, 35 మిల్లీమీటర్ల టైరుకి అంత అక్కర్లేదు. 55కి దించాను. స్పీడు బ్రేకర్ల దగ్గర ఒంటికి తగిలే దెబ్బ సగానికి తగ్గిందని రాశారు. దీనికి పైసా ఖర్చు లేదు.

ఖర్చు రాయమంటారు కాబట్టి రాస్తున్నాను. సీటు 2,600, స్టెమ్ 850, షార్ట్స్ రెండు జతలు 2,200. జెల్ కవరుకు ఆమె ముందే పెట్టిన 400 దండగ. నేను వేసి తీసేసిన రెండు సీట్లకు డబ్బు తీసుకోలేదు, అది నా తప్పు కాబట్టి.

బతుకమ్మ సెలవుల్లో ధర్మసాగర్‌కు వెళ్లొచ్చారు, మూడుసార్లు. తిమ్మిరి లేదు. దారిలో తంగేడు పూలు కోసి హ్యాండిల్ బుట్ట నిండా తెచ్చారు. నవంబరులో గుంపుతో రామప్ప దాకా తొక్కారు, ఒకవైపే 65 కిలోమీటర్ల పైచిలుకు. తిరుగు ప్రయాణం వాళ్లాయన కారులో. ములుగు దాటాక ఎడమవైపు ఎముక కింద కుడివైపు కన్నా ఎక్కువ నొప్పి మొదలైందట. వచ్చాక చూస్తే కొత్త సీటు మీద కూడా ఎడమవైపు రెక్సిన్ కాస్త ఎక్కువ నలిగింది. సీటు ఒంకర బిగించానేమో అని చూశాను, కాదు. పెడల్ ఇరుసులు చూశాను, తిన్నగానే ఉన్నాయి. ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపితే ఎడమ కాలు కొద్దిగా పొట్టి అని చెప్పి, చెప్పులో పల్చటి అట్ట పెట్టించారు. తగ్గింది, పూర్తిగా పోలేదు. 50 కిలోమీటర్ల లోపు రాదు కాబట్టి ఆమె దాన్ని పట్టించుకోవడం లేదు. నేను నోటు బుక్కులో ఈ పేజీ ఇంకా మూయలేదు.

డిసెంబరులో ఒక నర్సమ్మ వచ్చారు, వాళ్ల వీధే. డ్యూటీకి నాలుగు కిలోమీటర్లు, నిటారుగా కూర్చుని తొక్కే పాత లేడీస్ సైకిల్. టీచరమ్మకు వేసిన సీటే కావాలి, పైసలు కూడా తెచ్చినా అన్నారు. ఆ సైకిల్ మీద ఆ సన్నటి సీటు వేస్తే మర్నాడే తెచ్చి నా ముఖాన కొడతారు. ఆ మాటే కొంచెం మర్యాదగా చెప్తుండగా, నాన్న లోపలి నుంచి స్టూలు తెచ్చి వేశాడు. దాని మీద అట్ట, ముందు ఇటుక పెట్టి, పిల్లలిద్దరినీ లేపి చాయ్‌కి వెళ్లిపోయాడు.